బోర్డు మీది కిరాయి, అసలు కిరాయి

సింగరేణిలో పే స్లిప్పు చేతికి రాగానే కార్మికుడి కళ్లు ఎక్కడికి పోతాయో మీకు తెలుసు. గ్రాసు చూసి సంబరపడేవాడు ఎవడూ ఉండడు. చూపు నేరుగా కటింగుల మీదికి పోతుంది. పీఎఫ్ ఎంత, సొసైటీ అప్పు ఎంత, ఎల్‌ఐసీ ఎంత, యూనియన్ చందా ఎంత, ఇవన్నీ పోగా చేతికొచ్చేది ఎంత? శ్రీరాంపూర్ ఏరియాలో ఆర్కే-5 గని దగ్గర అడగండి, ఆర్కే-7 దగ్గర అడగండి, ఇందారంలో అడగండి, ఈ లెక్క చదవడం రానివాళ్లు లేరు. అదే మనిషి హైదరాబాదులో టూలెట్ బోర్డు ముందు నిలబడితే మాత్రం పైనున్న ఒక్క అంకె చూసి సరేనని వచ్చేస్తాడు.

ఇంటి కిరాయికి కూడా కటింగులు ఉంటాయి. జీతంలో కటింగులు పోతే అంకె తగ్గుతుంది, కిరాయిలో కటింగులు కలిస్తే అంకె పెరుగుతుంది. పైగా వీటికి ఎవరూ స్లిప్పు రాసివ్వరు. ఆ స్లిప్పు ఇవాళ మనమే రాసుకుందాం.

ముందుగా, ఈ లెక్క మనకు ఎందుకు అలవాటు కాలేదో చూద్దాం. మనలో చాలామంది కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్లం. సీసీసీ నస్పూర్‌లో గానీ, కృష్ణా కాలనీలో గానీ స్లాబు కురిస్తే, డ్రైనేజీ నిండితే, వైరు కాలితే సివిల్ ఆఫీసుకు పోయి కంప్లయింటు రాయించి వచ్చేవాళ్లం. పని ఎన్ని రోజులకు అయ్యేదన్నది వేరే ముచ్చట. పైసలు మాత్రం మన జేబులోంచి పోలేదు. గోదావరి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చాయని తిట్టుకున్నాం గానీ, నీళ్ల బిల్లు అనేది ఎలా ఉంటుందో చూడలేదు. ఒకప్పుడు పొయ్యిలోకి బొగ్గు కూడా కంపెనీదే. ఇంటికి అయ్యే ఖర్చంతా కంపెనీ ఖాతాలో పోయింది కాబట్టి, ఇల్లు నెలనెలా ఇంత తింటుందన్న ఊహే మనకు లేకుండా పోయింది.

అలాంటి ఇంటినుంచి పిల్లవాడు ఉద్యోగం వచ్చి హైదరాబాదు పోతాడు. నాలుగు రోజులకు ఫోను చేస్తాడు: "బాపూ, కూకట్‌పల్లిలో ఇల్లు దొరికింది. రెండు బెడ్రూములు. కిరాయి పద్దెనిమిదే." ఆ 'పద్దెనిమిదే' వినగానే ఇక్కడ బాపు తన లెక్క వేసుకుంటాడు. జీతం ముప్పై ఐదు, కిరాయి పద్దెనిమిది, మిగతా పదిహేడు తిండికీ తిరుగుడుకూ సరిపోతుంది. లెక్క తప్పడం అక్కడే మొదలవుతుంది.

ఆ పద్దెనిమిది వేల ఇంటినే ఉదాహరణగా తీసుకుందాం. నేను చెప్పే అంకెలు మీ ఇంటికి, మీ గల్లీకి అచ్చంగా సరిపోకపోవచ్చు. మీ అంకెలు మీరు వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

ఈ కటింగులు రెండు రకాలు. ఒకేసారి పెట్టేవి కొన్ని, నెలనెలా పోయేవి కొన్ని.

ఒకేసారి పెట్టేవాటిలో మొదటిది బ్రోకర్ కమీషన్. ఇది సాధారణంగా ఒక నెల కిరాయి, అంటే 18 వేలు. రెండోది సామాను తరలింపు. శ్రీరాంపూర్ నుంచి కూకట్‌పల్లికి డీసీఎం మాట్లాడి, ఇక్కడ ఎక్కించేవాళ్లకూ అక్కడ మూడో అంతస్తుకు మోసేవాళ్లకూ కలిపి ఒక 12 వేలు అనుకుందాం. లిఫ్టులో బీరువా పెట్టనివ్వరు, మెట్ల మీదుగా మోస్తే కూలీ వేరే అంటారు. కొన్ని అపార్టుమెంట్లలో సామాను దింపుకున్నందుకు అసోసియేషనుకు కూడా ఇంత అని కట్టాలి. మూడోది చిల్లర సామాను. ఫ్యాన్లు ఉన్నాయి గదా అనుకుంటాం, చూస్తే కొక్కేలే ఉంటాయి. గీజరు పాయింటు ఉంటుంది, గీజరు ఉండదు. దోమల జాలీ చినిగి ఉంటుంది, కర్టెన్ల రాడ్లు పాతవాళ్లు పీక్కుపోయి ఉంటారు. కొత్తగా గ్యాస్ కనెక్షన్ తీసుకుంటే 14.2 కిలోల సిలిండరుకు డిపాజిట్టు, 2022 జూన్‌లో పెంచిన తర్వాత, 2,200 రూపాయలు, రెగ్యులేటరుకు 250. ఇట్లా చిన్నవన్నీ కలిపి ఒక 7 వేలు వేసుకుందాం.

నాలుగోది ఇల్లు ఖాళీ చేసే రోజున బయటపడుతుంది. దాని పేరు పెయింటింగ్. హైదరాబాదులో ఇది ఆనవాయితీ అయిపోయింది. గోడలు ఎంత శుభ్రంగా ఉంచినా అడ్వాన్సులోంచి ఒక నెల కిరాయి రంగుల కింద కోసుకుని మిగతాది ఇస్తారు. ఇది మరో 18 వేలు. మనం చేరిన రోజున దీన్ని ఎవరూ ఖర్చుగా చూడరు. అడ్వాన్సు ఎటూ తిరిగొచ్చే పైసలే గదా అనుకుంటాం. రెండు నెలల అడ్వాన్సులో సగమే తిరిగొస్తుంది.

కలిపి చూడండి. బ్రోకర్ 18, తరలింపు 12, చిల్లర సామాను 7, పెయింటింగ్ 18. మొత్తం 55 వేలు.

ఈ 55 వేలను 11తో భాగించండి. 12తో ఎందుకు కాదంటారేమో. ఇంటి అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు కాబట్టి. ఏటేటా సాగే లీజునూ, ఏడాదికి మించిన లీజునూ రిజిస్ట్రేషన్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు, ఆ తిరుగుడు లేకుండా ఓనర్లు 11 నెలలకు కాగితం రాసి ఊరుకుంటారు. అంటే మీకు ఆ ఇంటి మీద గట్టి మాట ఉన్నది 11 నెలలకే. 55 వేలను 11తో భాగిస్తే నెలకు 5 వేలు. బోర్డు మీద లేని కిరాయి ఇది.

ఇక నెలనెలా పోయేవి. మెయింటెనెన్స్ అని ఒకటి ఉంటుంది. వాచ్‌మన్ జీతం, లిఫ్టు, మెట్ల దీపాలు, మోటరు కరెంటు, జనరేటరు డీజిలు, చెత్త బండి, అన్నీ అందులో వస్తాయి. మన ఉదాహరణకు 2,500 అనుకుందాం. ఇల్లు చూసేటప్పుడు మెయింటెనెన్స్ ఎంత అని అందరూ అడుగుతారు. అందులో ఏమేమి కలిసి ఉన్నాయో అడిగేవాళ్లు తక్కువ. నీళ్ల ట్యాంకరు అందులో ఉందా, వేరేనా? రెండో బండికి పార్కింగు ఉందా? జనరేటరు ఇంట్లో దీపాలకు కూడా పనిచేస్తుందా, లిఫ్టు వరకేనా? ఈ మూడూ తేలకుండా ఆ 2,500కు అర్థం లేదు.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. హైదరాబాదులో 2021 జనవరి నుంచి జీహెచ్‌ఎంసీ పరిధిలోని ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల దాకా జలమండలి నీళ్లు ఉచితం. ఇది విని నీళ్లకు ఖర్చు లేదనుకోకండి. జలమండలి నీళ్లు వంటకూ తాగడానికీ సరిపోతాయి, మిగతా వాడకమంతా బోరు మీదే నడిచే అపార్టుమెంట్లు బోలెడు. మార్చి దాటగానే బోరు గుటకలు వేస్తుంది. వాచ్‌మన్ వచ్చి, "సార్, ట్యాంకర్లు తెప్పిస్తున్నం, ఇంటికింత పడుద్ది" అంటాడు. వానాకాలంలో చూసిన ఇంటికి ఎండాకాలపు ఖర్చు కనబడదు. ఏడాది మొత్తానికి పంచితే నెలకు 500 అనుకుందాం. కొన్ని గల్లీల్లో ఇది ఏప్రిల్, మే నెలల్లోనే వేలల్లో పడుతుంది. అందుకని ఓనరునొక్కణ్ణే అడగకండి. పక్క ఫ్లాటువాళ్లను, కింద కిరాణా దుకాణం ఆయనను అడగండి, పోయిన ఎండాకాలం ఎన్ని ట్యాంకర్లు వచ్చాయని.

కరెంటు బిల్లులో ఇంకో మెలిక ఉంది. మన రాష్ట్రంలో ఇళ్లకు యూనిట్ ధర వాడకం పెరిగినకొద్దీ మారుతుంది. నెలకు 100 దాటి 200 లోపు వాడితే మొదటి 100 యూనిట్లకు 3 రూపాయల 40 పైసలు, తర్వాతి 100కు 4 రూపాయల 80 పైసలు. సరిగ్గా 200 యూనిట్లకు 820 రూపాయలు. 201వ యూనిట్ కాలిందా, లెక్క మొదటినుంచీ మారిపోతుంది. తొలి 200 యూనిట్లకూ 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆ పైదానికి 7 రూపాయల 70 పైసలు. బిల్లు 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు 200 పైచిలుకు భారం. ఇతర ఛార్జీలు దీనిమీద వేరే. ఆహార భద్రత కార్డు ఉండి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా వాడుకునేవాళ్లకైతే ఆ గీత ఇంకా ఖరీదైనది. అది దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సిందే. 2024 మార్చి నుంచి అమలైన ఈ పథకం కిరాయికుండేవాళ్లకూ వర్తిస్తుంది. కాబట్టి మీ కార్డుకు ఆ ఇంటి సర్వీసు నంబరు జోడించుకునే వీలుందా అని ముందే తెలుసుకోండి.

ఇక్కడే మీటరు ప్రశ్న వస్తుంది. ఇండిపెండెంట్ ఇళ్లల్లో పోర్షన్ కిరాయికి ఇచ్చి, రెండు పోర్షన్లకూ ఒకటే మీటరు పెట్టి, మీకు సబ్ మీటరు బిగించి, యూనిట్‌కు ఇంత అని ఓనరే వసూలు చేసే పద్ధతి ఉంది. మీరు 120 యూనిట్లు, వాళ్లు 150 యూనిట్లు వాడితే విడివిడిగా ఇద్దరూ కింది ధరలోనే ఉంటారు. ఒకే మీటరు మీద 270 అవుతుంది, ఇద్దరూ పై ధరలోకి పోతారు. విడి మీటరు ఉన్న ఇల్లు 500 ఎక్కువైనా ఒక్కోసారి అదే నయం. పాత బకాయిలు ఉన్నాయేమో కూడా చూసుకోండి. బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరుతో డిస్కం యాప్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మన ఉదాహరణలో నెలకు 250 యూనిట్లు కాలితే, మిగతా ఛార్జీలతో కలిపి దాదాపు 1,500.

ఇప్పుడు స్లిప్పు పూర్తి చేద్దాం. కిరాయి 18 వేలు. మెయింటెనెన్స్ 2,500. కరెంటు 1,500. నీళ్లు 500. 11తో భాగించిన ఒకసారి ఖర్చు 5 వేలు. మొత్తం 27,500. పద్దెనిమిది వేల ఇల్లు నిజానికి ఇరవై ఏడున్నర వేల ఇల్లు. ముప్పై ఐదు వేల జీతంలో ఇది పోతే తిండికీ బస్సుకూ మిగిలేది ఏడున్నర వేలే. ముగ్గురు దోస్తులు కలిసి తీసుకుంటే తలకు 9 వేల పైన పడుతుంది, మోయగలిగే బరువే. కానీ మధ్యలో ఒకడికి పుణెలోనో బెంగళూరులోనో ఉద్యోగం వచ్చి పోతే, మిగిలిన ఇద్దరి మీదా 13,750 చొప్పున పడుతుంది. పోయేవాడు నెల ముందు చెప్పాలా, మనిషిని చూపించి పోవాలా అన్నది దోస్తులు ముందే మాట్లాడుకుని ఒక కాగితం మీద రాసుకుంటే స్నేహం కూడా నిలుస్తుంది.

ఇది నెల లెక్క. మొదటి వారంలో చేతిలో ఎంత ఉండాలన్నది మరో లెక్క. రెండు నెలల అడ్వాన్సు 36 వేలు, మొదటి నెల కిరాయి 18, బ్రోకర్ 18, తరలింపు 12, చిల్లర సామాను 7. అంటే 91 వేలు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి మొదటి జీతం నెల తర్వాతే వస్తుంది. అంతదాకా బాపు సొసైటీలోంచో చిట్టీలోంచో తీయాలి. చిట్టీ పాడి తెస్తే పోయిన కమీషను కూడా ఈ ఇంటి ఖర్చే.

మంచిరోజుల ఖర్చు ఇంకొకటి ఉంది. ఆషాఢంలో, పుష్యంలో, మూఢంలో మనవాళ్లు కొత్తింట్లో పాలు పొంగించరు. ఓనరేమో అడ్వాన్సు ఇచ్చిన రోజునుంచే కిరాయి అంటాడు. పిల్లవాడు హాస్టల్లో ఉండి అక్కడా కడతాడు, ఖాళీ ఇంటికీ కడతాడు. దీన్ని మన వైపు తిప్పుకోవచ్చు. ఆషాఢంలో టూలెట్ బోర్డులు ఊగుతూనే ఉంటాయి, అడిగేవాళ్లు తక్కువ. అప్పుడే ఇల్లు చూసి మాట్లాడుకుని, కిరాయి శ్రావణంలో దిగిన రోజునుంచి మొదలయ్యేట్టు ఒప్పించుకోండి. ఖాళీగా ఉన్న ఇంటి ఓనరు ఆ మాట వింటాడు. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోయి, ఒక్క పూటలో నాలుగిళ్లు చూసి, తిరుగు బండి అందుకోవాలన్న తొందరలో ఐదోదానికి అడ్వాన్సు ఇచ్చి వస్తే మాత్రం ఎవరూ వినరు.

పెయింటింగ్ మాటకు మళ్లీ వస్తాను. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే కట్టుబాటు. అయినా అందులో రెండు మాటలు మనకు బేరానికి పనికొస్తాయి. నివాసపు ఇంటికి అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించకూడదన్నది ఒకటి. గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగులు, పైపులు మార్చడం, వైరింగు ఓనరు బాధ్యత అన్నది రెండోది. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు రిపేరు, జాలీలు, అద్దాలు కిరాయిదారు చూసుకోవాలి. ఈ పంపకం న్యాయంగానే ఉంది. మీ అగ్రిమెంటులో ఇదే రాయించండి. ఒప్పుకోకపోతే కనీసం ఇట్లా అడగండి: "రెండేళ్ల లోపు ఖాళీ చేస్తే ఎంత, రెండేళ్లు దాటితే ఎంత?" ఏ అంకె ఒప్పుకున్నా కాగితం మీదికి ఎక్కించండి. దిగిన రోజునే గోడలు, సింకు, బాత్రూము ఫోన్లో ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. ఖాళీ చేసే రోజు ఆ ఫోటోలే మన తరఫున మాట్లాడతాయి.

జీతంలో హెచ్‌ఆర్‌ఏ ఉన్న పిల్లలు ఇంకో సంగతి చూసుకోవాలి. పాత పన్ను పద్ధతిలో ఉంటే కిరాయి రశీదులతో పన్ను తగ్గుతుంది. ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. పాన్ ఇవ్వనన్న ఇల్లు ఆ మేరకు మనకు ఖరీదైనట్టే. కొత్త పన్ను పద్ధతిలో ఈ మినహాయింపే లేదు.

పదకొండు నెలలు గడిచాయి. ఓనరు 10 శాతం పెంచుతానన్నాడు. 18 వేలు 19,800 అవుతుంది. కోపమొచ్చి వేరే ఇల్లు చూద్దామంటారు. నిలబడి లెక్క వేయండి. పెరిగింది 1,800, పదకొండు నెలలకు 19,800. ఇల్లు మారితే బ్రోకర్ నుంచి పెయింటింగ్ దాకా మళ్లీ యాభై వేల దాకా పోతుంది. రెండో ఏడాది కూడా అదే ఇంట్లో ఉంటే తొలి 55 వేలు 22 నెలలకు పంచుకుని నెలకు 2,500కు దిగుతుంది. ఎక్కువ కాలం ఉన్నవాడికే ఇల్లు చవక. అందుకని కోపంతో మారకండి, 5 శాతానికి బేరమాడి ఉండండి. మొదటి అగ్రిమెంటులోనే పెంపు ఎంతో రాయించుకుంటే ఈ బేరం కూడా అక్కర్లేదు.

చివరగా రిటైరైన పెద్దల మాట. 2021 నుంచి సింగరేణిలో రిటైర్మెంటు 61 ఏళ్లకు. క్వార్టర్ అప్పజెప్పి నో డ్యూస్ తెచ్చుకున్నాక, కొడుకు దగ్గరికి పోదామని కొందరు, మంచిర్యాలలోనే అపార్టుమెంటులో కిరాయికుందామని కొందరు అనుకుంటారు. గ్రాట్యుటీ పైసలు ఒక్కసారే బ్యాంకులో పడతాయి కాబట్టి పద్దెనిమిది వేల కిరాయి పెద్దగా అనిపించదు. కానీ పెన్షన్ చూడండి. 1998 నాటి బొగ్గుగనుల పెన్షన్ పథకంలో రిటైరైన రోజు ఎంత ఖాయమైందో, ఏళ్లు గడిచినా అంతే. కిరాయేమో ఏటా 10 శాతం పెరిగితే, నాలుగోసారి పెరిగేసరికి 18 వేలు 26 వేలు దాటుతుంది. కదలని పెన్షన్‌తో కదిలే కిరాయి కట్టలేం. తరలింపు, అడ్వాన్సు లాంటివి గ్రాట్యుటీలోంచి పెట్టుకోండి, తప్పులేదు. నెలనెలా పోయేది మాత్రం నెలనెలా వచ్చేదానిలోంచే రావాలి. కొడుకు ఎంత, మనమెంత అన్నది మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకోండి. రామకృష్ణాపూర్ ఏరియా ఆసుపత్రికి అలవాటైన మందుల చీటీలు హైదరాబాదులో ఎక్కడ నడుస్తాయో మెడికల్ కార్డు పట్టుకుని ముందే కనుక్కోండి. బీపీ, షుగరు మాత్రలు బయట కొనాల్సి వస్తే అదీ ఇంటి ఖర్చులోకే ఎక్కుతుంది.

కాబట్టి ఇల్లు చూడబోయే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని రెండు గళ్లు గీయండి. ఒకదాంట్లో ఒకసారి పెట్టే ఖర్చులు రాసి 11తో భాగించండి. రెండోదాంట్లో నెలనెలా పోయేవి రాయండి. రెండూ కలిపి వచ్చిన అంకెనే ఇంట్లో చెప్పండి, దాన్నే జీతంతో పోల్చండి. పద్దెనిమిది వేలు పెట్టగలిగితే వెతకాల్సింది పద్దెనిమిది వేల బోర్డు కాదు, పది పదకొండు వేల బోర్డు. ఒక సందు వెనక్కి, ఒక బస్సు స్టాపు దూరానికి పోతే అలాంటివి దొరుకుతాయి. బ్రోకర్ లేకుండా తెలిసినవాళ్ల ద్వారా దొరికితే ఇంకో వెయ్యి దాకా మిగులుతుంది. ఆ పోలిక తర్వాత కూడా చేతనవుతుందనిపిస్తే అడ్వాన్సు ఇవ్వండి. లేదంటే, ఇంకో ఆదివారం ఇంకో నాలుగిళ్లు చూసిరండి. రైలు టికెట్టు ఖర్చు ఈ లెక్కలన్నిటిలోకీ చిన్నది.